జాతిహననాన్ని పాఠంగా చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్ర చెప్పే తోటి ఉపాధ్యాయులు, ఈ పాఠాన్ని కొత్తగా చేపట్టబోతున్నవారు, పిల్లల తల్లిదండ్రులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి. కొన్నింటికి రెండు మాటల్లో జవాబు చెప్పవచ్చు. కొన్నింటికి ఏళ్ల తరబడి పాఠం చెప్పాక గానీ నాకే జవాబు తట్టలేదు.

మారణహోమం, నరమేధం, ఊచకోత, జాతిహననం: తరగతిలో ఏ మాట వాడాలి?

పాఠాన్ని ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. దీనికే ఒక గంట పట్టినా నష్టం లేదు. పత్రికల్లో ఈ నాలుగు మాటలూ ఒకదాని బదులు మరొకటి వచ్చేస్తుంటాయి. కానీ మారణహోమంలో హోమం ఉంది. నరమేధంలో ఉన్నది అశ్వమేధంలోని మేధమే. రెండూ యజ్ఞాన్ని, బలిని తలపిస్తాయి. బలి అంటే ఎవరో ఏదో ఫలం కోరి భక్తితో అర్పించేది. గోతుల అంచున నిలబెట్టి కాల్చేసిన మనుషులను ఎవరూ ఏ దేవుడికీ అర్పించలేదు. నాజీలు యూదులను సామూహికంగా చంపినదానికి వాడే హోలోకాస్ట్ అన్న మాటతోనూ ఇదే చిక్కు. గ్రీకు మూలంలో దానికి పూర్తిగా దహించి సమర్పించిన బలి అని అర్థం. అందుకే చాలామంది యూదులు ఆ మాటను పక్కనపెట్టి, హీబ్రూలో మహావిపత్తు అనే అర్థమున్న ‘షోవా’ను వాడతారు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతారు. రోజూ చదివే మాటలో అంత బరువు ఉందని వాళ్లు అప్పటిదాకా గమనించి ఉండరు.

ఊచకోత ఒక ఊళ్లో, ఒక పూట జరిగిన సామూహిక హత్యకు సరిపోతుంది. నెలల తరబడి పథకం ప్రకారం సాగినదానికి సరిపోదు. నేను జాతిహననం అంటాను. అదీ లోపం లేని మాట కాదు. జాతీయ గీతంలోనూ జాతి ఉంది, మానవజాతిలోనూ ఉంది, జంతుజాతిలోనూ ఉంది. మతాన్ని బట్టి మనుషులను చంపినా అది ఇదే నేరం, కానీ మతం ఆ మాటలో కనిపించదు. ఆ లోపాన్ని పిల్లలకు చెప్పే వాడతాను.

చట్టం దేన్ని జాతిహననం అంటుంది?

1944కు ముందు ఈ నేరానికి పేరే లేదు. పోలండ్‌కు చెందిన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ ఒక గ్రీకు మాటనూ ఒక లాటిన్ మాటనూ కలిపి ‘జెనోసైడ్’ అన్న పదాన్ని తయారుచేశారు. ఆయన బంధువుల్లో 49 మంది నాజీల చేతుల్లో చనిపోయారు. ఆయన పట్టుదల వల్లే 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి జాతిహనన ఒడంబడికను ఆమోదించింది. మర్నాడే సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన వచ్చింది. ఆ రెండు తేదీలనూ నల్లబల్ల మీద పక్కపక్కన రాయండి.

ఒడంబడిక ప్రకారం ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత భాగం గానీ నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశంతో చంపడం, తీవ్రమైన శారీరక, మానసిక హాని చేయడం, బతకలేని పరిస్థితులు కల్పించడం, పుట్టుకలను అడ్డుకోవడం, పిల్లలను బలవంతంగా వేరే సమూహానికి తరలించడం అనే ఐదు పనుల్లో ఏది చేసినా నేరమే. చివరి రెండింటిలో ఒక్క తుపాకీ కూడా పేలనక్కర్లేదని పిల్లలకు విడమరచి చెప్పాలి.

ఇక్కడ రెండు అపోహలు వస్తాయి. ఒకటి, సంఖ్య పెద్దదైతేనే జాతిహననమని. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనీత్సాలో 8,000 మందికి పైగా ముస్లిం పురుషులను, అబ్బాయిలను చంపారు. అంతర్జాతీయ న్యాయస్థానాలు దాన్ని జాతిహననమనే తేల్చాయి. రెండోది, అంత పెద్ద సంఖ్యలో చంపితే అది జాతిహననమే అయి తీరుతుందని. 1975 నుంచి 1979 వరకు కంబోడియాలో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో పదిహేను నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారు. వారిలో అత్యధికులు పాలకుల తెగకే చెందిన ఖ్మేర్లు, శత్రువులన్న ముద్ర వేసి చంపినవారు. రాజకీయ సమూహాలు ఒడంబడికలో లేవు. అందుకే 2018లో వచ్చిన జాతిహనన తీర్పు వియత్నామీలు, చామ్ ముస్లింల హత్యలకే పరిమితమైంది. మిగతావి మానవత్వానికి వ్యతిరేకంగా చేసిన నేరాలుగా నమోదయ్యాయి. ‘అయితే మిగతావాళ్ల చావు తక్కువదా?’ అని పిల్లలు కచ్చితంగా అడుగుతారు. తక్కువది కాదు. చట్టం నేరానికి పేరు పెడుతుంది, దుఃఖానికి తూకం వేయదు.

ఏ వయసు పిల్లలకు చెప్పవచ్చు?

చంపడం గురించి వివరంగా చెప్పాలంటే పద్నాలుగేళ్లు నిండనివ్వండి. అంతకంటే చిన్నవాళ్లకు అన్యాయం, వెలివేత, ఆపదలో ఉన్నవారిని దాచిన ఇరుగుపొరుగు కథలు చాలు.

చనిపోయినవారి సంఖ్యతో మొదలుపెట్టవచ్చా?

వద్దు. నాజీలు చంపిన యూదులు అరవై లక్షలు అనగానే పిల్లవాడి మనసులో ఏ ముఖమూ మెదలదు. పైగా, చనిపోయిన రోజు నుంచే మనుషులను పరిచయం చేస్తే వాళ్లు శవాలుగానే మిగిలిపోతారు. మొదటి రెండు పాఠాల్లో ఎవరూ చనిపోకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. వాళ్లు ఏ వీధిలో ఉండేవారు, ఏ పని చేసేవారు, ఏ భాషలో తిట్టుకునేవారు, దేనికి నవ్వేవారు అన్నది ముందు తెలియాలి.

దీనికి నాకు తెలిసిన అతి గొప్ప ఆధారం వార్సా గెట్టోలో దొరికింది. నాజీలు యూదులను గోడ కట్టి బంధించిన ఆ ప్రాంతంలో ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు రహస్యంగా ఒక బృందాన్ని కూడగట్టారు. కనిపించిన కాగితమల్లా దాచాలన్నది వాళ్ల పని. ట్రాము టికెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు, రేషన్ కార్డులు, గోడ ప్రకటనలు, బడిపిల్లలు రాసిన వ్యాసాలు. 1942 జూలై 22న అక్కడి జనాన్ని ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించడం మొదలైంది. ఆగస్టు మొదట్లో ఆ కాగితాలను పది లోహపు పెట్టెల్లో పెట్టి ఒక బడి భవనం కింద పాతిపెట్టారు. తర్వాత మరికొన్నింటిని రెండు పాల క్యాన్లలో దాచారు. పాతిపెట్టినవారిలో డేవిడ్ గ్రాబర్ అనే పంతొమ్మిదేళ్ల యువకుడున్నాడు. లోకానికి గొంతెత్తి చెప్పలేకపోయినదాన్ని నేలలో పాతిపెడుతున్నామని అతను రాసి పెట్టాడు. పెట్టెలు 1946లో, క్యాన్లు 1950లో బయటపడ్డాయి. ఆ బృందంలో యుద్ధం ముగిసేదాకా బతికినవారు ముగ్గురే.

తరగతిలో ఒక మామూలు మిఠాయి కాగితం చూపించి, దీన్ని ఎవరైనా ప్రాణం పణంగా పెట్టి ఎందుకు దాస్తారని అడగండి. జవాబుకు తొందరపెట్టకండి.

దారుణమైన ఫొటోలు చూపించాలా?

తొలి సంవత్సరాల్లో నేను చూపించాను. అది నా తప్పు. తెర మీద శవాల గుట్ట కనబడగానే ముందు వరుసలో ఒక అమ్మాయి నోటుపుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. వెనక బల్లల నుంచి నవ్వు వినబడింది. అప్పుడు కోప్పడ్డాను. అది భయంతో వచ్చిన నవ్వని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మర్నాడు అడిగితే ఒక్క మనిషి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ గుట్ట.

ఫొటో గురించి ముందుగా అడగాల్సింది, కెమెరా ఎవరి చేతిలో ఉందని. చేతులెత్తి నిలబడ్డ వార్సా గెట్టో బాలుడి ఫొటో ప్రపంచమంతా చూసింది. దాన్ని తీసింది గెట్టోను నేలమట్టం చేసినవాళ్లు, తమ విజయాన్ని పై అధికారులకు నివేదించడానికి. కంబోడియా రాజధానిలోని టువోల్ స్లెంగ్ కూడా అంతే. ఒకప్పుడు అది ఉన్నత పాఠశాల. ఖ్మేర్ రూజ్ దాన్ని చిత్రహింసల జైలుగా మార్చింది. తరగతి గదుల్లో ఇటుకలతో ఇరుకు కొట్లు కట్టారు. అక్కడికి తెచ్చిన 12,000 మందికి పైగా ఖైదీల్లో ప్రాణాలతో బయటపడ్డవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వచ్చిన ప్రతి మనిషికీ అంకె తగిలించి ఫొటో తీశారు. ఆ ముఖాలు ఇప్పుడు అదే భవనంలో గోడల నిండా ఉన్నాయి. వాళ్ల చివరి చూపు వాళ్లను చంపబోయేవాడి కెమెరా వైపే ఉంది. ఫొటో చూపించాలనుకుంటే ఒక్కటి చాలు. దాని ముందు పది నిమిషాలు ఆగండి. చూడలేని పిల్లలు తల తిప్పుకోవచ్చని ముందే చెప్పండి.

పిల్లలకు పాత్రలిచ్చి నటింపజేస్తే బాగా అర్థమవుతుంది కదా?

ఈ ఆలోచన మంచి ఉపాధ్యాయులకే ఎక్కువగా వస్తుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను, చేయకండి. సగం మందికి పసుపురంగు గుడ్డలు కట్టడం, గదిలో గీత గీసి విడదీయడం, చీటీలు తీసి కాపలాదారు, ఖైదీ అని పంచడం, ఇవేవీ వద్దు. అరగంట ఆటతో ఆ బాధ తెలిసిందని పిల్లలు అనుకుంటే అది అబద్ధం నేర్పినట్టే. కాపలాదారు పాత్ర దొరికినవాడికి అది నచ్చితే మరీ ప్రమాదం.

ఇంకో కారణం ఉంది. ఆఫ్రికాలోని రువాండాలో 1994 జాతిహననానికి ముందు ఉపాధ్యాయులు తరగతిలో టుట్సీ అనే తెగ పిల్లలను లేచి నిలబడమనేవారని బతికి బయటపడ్డవారు ఎందరో చెప్పారు. తాను టుట్సీనన్న సంగతి ఆ రోజే తొలిసారి తెలిసిన పిల్లలున్నారు. పక్కన కూర్చున్న స్నేహితుడు తన వైపు వేరేగా చూడటం వాళ్లు బడిలోనే చూశారు. మన తరగతిలో సరదాగా చేయించాలనుకునేది అక్కడ నిజంగా జరిగింది.

చేసినవాళ్లు రాక్షసులని చెబితే సరిపోతుందా?

పిల్లలకు అలా చెబితే ఊరట కలుగుతుంది. రాక్షసులు వేరే లోకంవాళ్లు, మన వీధిలో ఉండరు. కానీ ఆధారాలు వేరే కథ చెబుతాయి. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో, సరస్సు ఒడ్డున ఉన్న ఒక అందమైన భవనంలో పదిహేను మంది నాజీ అధికారులు గంటన్నర సేపు సమావేశమయ్యారు. వారిలో సగానికి పైగా డాక్టరేట్లు ఉన్నవాళ్లు. దేశాల వారీగా యూదుల లెక్క వేసుకుని మొత్తం కోటీ పది లక్షలని తేల్చుకున్నారు. ఆ సమావేశపు కాగితాల్లో చంపడం అన్న మాట రాయలేదు, తూర్పుకు తరలింపు అని రాశారు. రువాండాలో హంతక ముఠాలు చంపడాన్ని ‘పని’ అనేవి. రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది. వంద రోజుల్లో ఎనిమిది లక్షల మందికి పైగా చనిపోయారు. రోడ్ల మీద అడ్డంగా దుంగలు వేసి, గుర్తింపు కార్డులు చూసి చంపారు. కార్డు మీద తెగ పేరు రాసే పద్ధతి 1930లలో బెల్జియం వలస పాలకులు పెట్టింది. అరవై ఏళ్ల పాటు అది జేబులో ఉండే ఒక మామూలు కాగితం.

మనకు, అంటే ఉపాధ్యాయులకు, మరీ చేదైన నిజం ఒకటుంది. టువోల్ స్లెంగ్ జైలును నడిపిన డుచ్ అంతకుముందు గణితం పాఠాలు చెప్పేవాడు. జాతిహనన నేరం కింద ఒక అంతర్జాతీయ న్యాయస్థానం విచారణ జరిపి దోషిగా తేల్చిన మొదటి వ్యక్తి, రువాండాకు చెందిన జాన్-పాల్ అకయేసు. 1998 సెప్టెంబర్ 2న వచ్చిన ఆ తీర్పే అత్యాచారాన్ని కూడా జాతిహననంలో భాగంగా గుర్తించింది. అతను మేయరు కాకముందు బడిపంతులు, ఆపైన పాఠశాలల తనిఖీ అధికారి. ఈ రెండు సంగతులూ నేను తరగతిలో చెబుతాను. నల్లబల్ల ముందు నిలబడి చెప్పడం కష్టంగానే ఉంటుంది. బడి ఈ చరిత్రకు బయట లేదని వాళ్లకు తెలియాలి.

అందుకని ‘వాళ్లు ఎలాంటివాళ్లు?’ అనే బదులు ‘ఏ రోజు ఏ నిర్ణయం జరిగింది? కాదనే వీలు ఎవరికి ఉంది?’ అని అడగమనండి. అప్పుడు గుమాస్తాలు, రైలు నడిపినవాళ్లు, ఖాళీ ఇళ్లలోని సామాను కొనుక్కున్న పొరుగువాళ్లు అందరూ కథలోకి వస్తారు.

కాపాడినవారి కథలు చెబితే పిల్లలకు ధైర్యంగా ఉండదా?

ఉంటుంది, తప్పక చెప్పండి. 1943 అక్టోబర్‌లో డెన్మార్క్ ప్రజలు 7,000 మందికి పైగా యూదులను చేపల పడవల్లో స్వీడన్‌కు దాటించారు. కానీ కాపాడినవారు చాలా కొద్దిమంది. పాఠంలో సగం వాళ్లకే ఇస్తే చరిత్ర తలకిందులవుతుంది.

‘ఏది ఎక్కువ ఘోరం?’ అని పిల్లలు పోటీ పెడితే?

పోల్చడం తప్పు కాదు. ఒట్టోమన్ తుర్కీ సామ్రాజ్యంలో అర్మేనియన్లకు 1915లో ఏం చేశారో, రువాండాలో ఏం చేశారో పక్కపక్కన పెడితే ముందుగా పెద్దలను పట్టుకుపోవడం, శత్రువుతో కుమ్మక్కయ్యారని ప్రచారం చేయడం లాంటి దశలు కనిపిస్తాయి. దశలను పోల్చండి, కన్నీళ్లను పోల్చకండి.

‘ఇదంతా నిజంగా జరిగిందా?’ అని ఒక విద్యార్థి అంటే?

తెలియక అడిగాడా, ఫోనులో చూసినదాన్ని అప్పగిస్తున్నాడా అన్నది ముందు గమనించండి. తెలియక అడిగితే సిగ్గుపడేలా చేయకండి, అతనికి ఆధారం కావాలి. కానీ జరిగిందా లేదా అన్నదాన్ని చర్చాంశంగా పెట్టి రెండు జట్లు చేయకండి. రువాండాలో జాతిహననం జరిగిందన్నది ఇక విడిగా రుజువు చేయనక్కర్లేని విషయమని రువాండా నేరాల కోసం ఏర్పాటైన అంతర్జాతీయ న్యాయస్థానమే 2006లో తేల్చింది.

నేను స్రెబ్రెనీత్సా సమాధుల గురించి చెబుతాను. చంపినవారు మొదట శవాలను పెద్ద గోతుల్లో పూడ్చారు. సంగతి బయటపడుతుందన్న భయంతో కొన్ని వారాల తర్వాత యంత్రాలతో తవ్వి, వేరే చోట్లకు మోసుకెళ్లి మళ్లీ పూడ్చారు. అందువల్ల ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. బంధువుల రక్త నమూనాలతో డీఎన్ఏ సరిపోల్చి దాదాపు 7,000 మందిని గుర్తించారు. కొందరు తల్లులు కొడుకు ఎముక ఒక్కటి దొరికినప్పుడు ఖననం చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అని తేల్చుకోవాల్సి వచ్చింది. జరగలేదనే మాట నేరం తర్వాత పుట్టినది కాదని, నేరంతో పాటే, ఆ యంత్రాలతోనే మొదలైందని దీంతో పిల్లలు గ్రహిస్తారు.

సామూహిక జ్ఞాపకం అంటే ఏమిటి? అది చరిత్రకంటే వేరా?

మనుషులు ఒంటరిగా గుర్తుంచుకోరని, కుటుంబం, మతం, వర్గం లాంటి సమూహాల్లో ఉండే గుర్తుంచుకుంటారని ఫ్రెంచ్ సామాజికవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లో రాశారు. సామూహిక జ్ఞాపకం అన్న ఆలోచన ఆయనదే. 1945లో ఆయన బూకెన్‌వాల్డ్ నాజీ శిబిరంలో చనిపోయారు. చరిత్ర ఏం జరిగిందని అడిగితే, సామూహిక జ్ఞాపకం ఇందులో మనం దేన్ని మోస్తామని అడుగుతుంది. విగ్రహం, సెలవు రోజు, వీధి పేరు, పాఠ్యపుస్తకం అన్నీ ఎవరో ఒకరు ఎంచుకున్నవే. ఎంచుకోనివి కూడా ఉంటాయి.

అర్జెంటీనా దీనికి మంచి ఉదాహరణ. 1976లో అధికారం చేజిక్కించుకున్న సైనిక ప్రభుత్వం వేలమందిని మాయం చేసింది. శవం లేదు, సమాధి లేదు, అరెస్టు చేసినట్టు కాగితమూ లేదు. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు రాజధానిలోని మే చౌక్‌లో నిలబడ్డారు. గుంపుగా నిలబడకూడదని పోలీసులు గద్దిస్తే జంటలు జంటలుగా నడవడం మొదలుపెట్టారు. ఆ నడక ప్రతి గురువారం సాగింది. తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు, మొదట్లో అవి పసిపిల్లల పొత్తిగుడ్డలు. ప్రజాస్వామ్యం వచ్చాక నియమించిన సంఘం 8,961 మంది మాయమైన వివరాలు నమోదు చేసింది. మానవ హక్కుల సంఘాలు 30,000 అంటాయి. ఆ రెండు అంకెల మధ్య ఇప్పటికీ రాజకీయ పోరు నడుస్తోంది. జైళ్లలో పుట్టో, పసితనంలో ఎత్తుకుపోగానో వేరేవాళ్ల ఇళ్లలో పెరిగిన 130 మందికి పైగా మనవలను అమ్మమ్మలు, నాయనమ్మలు జన్యు పరీక్షలతో కనుగొన్నారు. అంటే ఇక్కడ జ్ఞాపకం దీపం వెలిగించి తలచుకోవడంతో ఆగలేదు. బతికున్న మనిషికి అసలు పేరు తెచ్చి ఇచ్చింది.

సొంత దేశం చేసిన తప్పులు చెబితే పిల్లలకు దేశం మీద గౌరవం పోదా?

కెనడాలో దాదాపు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వసతి బడుల్లో పెట్టారు. సొంత భాషలో మాట్లాడితే కొట్టారు. ఎందరో తిరిగి ఇంటికి రాలేదు. చివరి బడులు మూతపడింది 1990లలోనే. సత్యశోధన సంఘం 2015లో 94 పిలుపులతో నివేదిక ఇచ్చింది. ఈ చరిత్రను బడుల్లోనే బోధించాలన్నది వాటిలో ఒకటి. నా అనుభవంలో, నిజం దాచారని పదహారేళ్లకు తెలుసుకున్న పిల్లలకే నమ్మకం పోతుంది.

బాధితుల వంశంవారో, నేరం చేసినవారి వంశంవారో తరగతిలో ఉంటే?

ముందే విడిగా మాట్లాడండి. ‘నువ్వు చెప్పు’ అని ఎవరినీ అందరి ముందు ప్రతినిధిగా నిలబెట్టవద్దు. తాత చేసిన నేరానికి మనవడు దోషి కాడని కూడా అంతే స్పష్టంగా చెప్పండి.

బతికి బయటపడ్డవారిని పిలిపించవచ్చా?

వాళ్లు మనస్ఫూర్తిగా వస్తానంటే అంతకు మించినది లేదు. పిల్లల ప్రశ్నలను ముందుగా పంపండి. ఎక్కడైనా ఆపేసే హక్కు వాళ్లదే. తేదీ తప్పు చెబితే అక్కడ సరిదిద్దకండి. తేదీ పుస్తకంలో దొరుకుతుంది.

చివరి రోజు తరగతిలో ఏం చేయాలి?

జర్మనీతో పాటు యూరప్‌లోని అనేక దేశాల్లో కాలిబాటల మీద అరచేయంత ఇత్తడి పలకలు లక్షకు పైగా ఉన్నాయి. నాజీల బాధితులు చివరగా తమ ఇష్టంతో నివసించిన ఇంటి ముందు, పేరు, పుట్టిన సంవత్సరం రాసి అమర్చినవి. చదవాలంటే తల వంచాల్సిందే. అది చూశాకే ఈ పద్ధతి నాకు తోచింది. ప్రతి విద్యార్థీ పాఠంలో కలిసిన ఒక మనిషి పేరు, ఆ మనిషి గురించి చావుతో సంబంధం లేని ఒక్క సంగతి చీటీ మీద రాయాలి. చీటీలు పరీక్షలయ్యేదాకా గోడ మీదే ఉంటాయి. మార్కులు ఉండవు.

వార్సాలో ఆ పెట్టెలను పాతిపెట్టించిన ఇజ్రాయెల్ లిక్టెన్‌స్టైన్ కూడా ఉపాధ్యాయుడే. వాటిలో తన వీలునామా కాగితం కూడా పెట్టారు. తన కోసం పొగడ్తలేవీ అక్కర్లేదని, తన భార్యను, కూతురిని మాత్రం గుర్తుంచుకోమని అందులో కోరారు. ఒక సంవత్సరం అన్ని చీటీలూ అతికించాక, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి రాసినది చదివాను. ‘మార్గలిత్. ఇరవై నెలలు. ఇడ్డిష్ తప్పుల్లేకుండా మాట్లాడుతుందని నాన్న రాశాడు.’